ఇకెబానా

ఇకెబానా జపాను దేశానికి చెందిన సంప్రదాయ పుష్పాలంకరణ కళ. దీనిని కదో అని కూడా పిలుస్తారు. కోసిన పూలు, కొమ్మలు, ఆకులు, గడ్డిపరకలు, కాయలు మొదలగు వాటిని నీరు పోసిన పాత్రలో అమర్చడం ఈ కళలోని పని. అయితే పూలను గుత్తిగా చేర్చి రంగుల నిండుదనాన్ని చూపడం దీని ఉద్దేశం కాదు. ఒక మొక్క ఎలా పెరిగింది, ఏ ఋతువులో ఉన్నది, వెలుతురు కోసం ఏ వైపునకు తిరిగింది అనే విషయాలను కొద్దిపాటి కొమ్మలతో చూపడం దీని ముఖ్యోద్దేశం. తేనీటి సత్కారం (చదో), సుగంధ ధూప కళ (కోదో) అనే వాటితో కలిపి ఇకెబానాను జపాను సంప్రదాయ కళలు మూడింటిలో ఒకటిగా లెక్కిస్తారు.

పేరు

జపాను భాషలో "ఇకెరు" అనగా సజీవంగా ఉంచు, పూలను అమర్చు అని అర్థం. "హనా" అనగా పువ్వు. ఈ రెండు పదాలు కలిసినపుడు హకారం బకారంగా మారి "ఇకెబానా" అయినది. తెలుగు సంధులలో పరుషాలు సరళాలుగా మారే పద్ధతి వంటిదే ఇది. "కదో" అనే మాటకు పూల మార్గం అని అర్థం. ఇందులోని "దో" అనే పదం మార్గాన్ని సూచిస్తుంది. జూడో, కెందో వంటి యుద్ధవిద్యల పేర్లలో కనిపించేది కూడా ఇదే పదం. ఒక విద్యను కేవలం నైపుణ్యంగా కాక జీవితకాలపు సాధనగా భావించినపుడు దానికి ఈ పదాన్ని చేర్చుతారు.

కోసిన పువ్వు చెట్టు నుండి వేరైన క్షణం నుండే వాడిపోవడం మొదలవుతుంది. అటువంటి పువ్వును "సజీవంగా ఉంచడం" అని ఈ కళకు పేరు పెట్టడం గమనించదగినది. ఇకెబానాలోని నియమాలు, ఉపకరణాలు, సిద్ధాంతాలు చాలావరకు ఈ ఒక్క అర్థం చుట్టూ ఏర్పడినవే.

చరిత్ర

బౌద్ధ పూజ నుండి

6వ శతాబ్దంలో చైనా, కొరియాల మీదుగా బౌద్ధమతం జపాను చేరింది. దానితో పాటు బుద్ధుని ముందు పూలను సమర్పించే ఆచారం కూడా వచ్చినది. దీనిని జపానులో "కుగె" అంటారు. పూలను కలశంలో నిలిపి చూపడం భారతీయ బౌద్ధ శిల్పాలలో ఎంతో ముందే కనిపిస్తుంది. అమరావతి స్తూపపు శిలాఫలకాలపై తామరలతో నిండిన పూర్ణఘటాలు చెక్కబడి ఉన్నవి. జపాను ఆలయాలలో ధూపపాత్ర, దీపస్తంభం, పూలపాత్ర అనే మూడు వస్తువులను విగ్రహం ముందు ఉంచే పద్ధతి స్థిరపడింది.

క్యోటో నగరంలోని రొక్కకుదో అనే ఆరు పలకల ఆలయం ఇకెబానాకు జన్మస్థానంగా ప్రసిద్ధి చెందినది. ఈ ఆలయాన్ని యువరాజు షోతొకు స్థాపించాడని సంప్రదాయం చెబుతుంది. 607లో చైనాకు రాయబారిగా వెళ్ళిన ఒనొ నొ ఇమొకో ఇక్కడ సన్యసించి, ఉదయం సాయంత్రం బుద్ధునికి పూలు సమర్పించాడని ఐతిహ్యం. ఆలయ ప్రాంగణంలోని కొలను పక్కన పూజారుల నివాసం ఉండేది. "ఇకె" అనగా కొలను, "బో" అనగా సన్యాసి కుటీరం. ఆ విధంగా ఆ పూజారుల పరంపరకు ఇకెనోబో అనే పేరు వచ్చినది. ఇకెబానా శాఖలన్నింటిలో ఇది అత్యంత ప్రాచీనమైనది.

ఇకెనోబో పూల గురించి తెలిసిన తొలి లిఖిత ఆధారం 1462 నాటిది. ఇకెనోబో సెంకెయి అనే సన్యాసి అమర్చిన పూలను చూడడానికి క్యోటో ప్రజలు పోటీపడ్డారని ఒక జెన్ సన్యాసి తన దినచర్య గ్రంథంలో వ్రాశాడు. పూజాద్రవ్యంగా ఉన్న పూలు చూడదగిన కళగా గుర్తింపు పొందడానికి ఈ సంఘటనను గుర్తుగా తీసుకుంటారు. తరువాత ఐదు సంవత్సరాలకే ఓనిన్ యుద్ధం (1467-1477) మొదలై క్యోటో నగరంలో అధిక భాగం తగలబడిపోయినది. నగరం బూడిదైన ఆ కాలంలోనే ఈ కళ వేళ్ళూనడం విశేషం. ఇదే కాలానికి చెందిన షోగన్ అషికాగా యొషిమసా (1436-1490) కళాపోషకుడిగా పేరు పొందినాడు. ఆ కాలపు ఇళ్ళలో "తొకొనొమా" అనే నిర్మాణం ఏర్పడింది. ఇది అతిథులు కూర్చునే గదిలో గోడకు లోపలివైపుగా కట్టే చిన్న అర. అందులో ఒక చిత్రపటాన్ని వ్రేలాడదీసి, దాని వద్ద పూలపాత్రను ఉంచుతారు. ఆ విధంగా పూల అమరిక ఆలయం నుండి ఇంటిలోనికి ప్రవేశించింది.

రిక్కా

16వ శతాబ్దంలో ఇకెనోబో సెన్నో (1482-1543) ఈ కళకు సిద్ధాంతాన్ని ఇచ్చాడు. అందమైన పూలను చూసి ఆనందించడం మాత్రమే చాలదని, కొండలలో, నీటి ఒడ్డున మొక్కలు సహజంగా పెరిగిన తీరును పాత్రలో చూపాలని ఆయన బోధించాడు. ఎండిన కొమ్మలో కూడా అందం ఉన్నదని చెప్పాడు. పూర్తిగా విచ్చుకున్న తాజా పువ్వు మాత్రమే అందమైనదనే అభిప్రాయాన్ని ఈ బోధన మార్చివేసింది.

ఈ బోధన నుండి "రిక్కా" అనే శైలి రూపుదిద్దుకున్నది. దీనికి నిలబెట్టిన పూలు అని అర్థం. ఇందులో మొదట ఏడు, తరువాత తొమ్మిది ప్రధాన భాగాలు ఉండేవి. పర్వత శిఖరం, జలపాతం, లోయ, నది, ఎండ తగిలే వాలు, నీడ వాలు మొదలైన వాటిని ఒకే పాత్రలో సూచించేవారు. ఇది బౌద్ధ విశ్వభావనలోని మేరు పర్వతానికి ప్రతీక అని పలువురు వివరించారు. 1594లో మయెదా తొషియియె భవనంలో, తొయొతొమి హిదెయొషి రాక సందర్భంగా మొదటి ఇకెనోబో సెంకో ఒక పెద్ద అమరికను నిర్మించాడు. వెనుక వ్రేలాడదీసిన చిత్రపటాలలోని కోతులు ముందున్న పైన్ కొమ్మలపై ఆడుకుంటున్నట్లు కనిపించేలా అది అమర్చబడినదని చెబుతారు. 17వ శతాబ్దంలో రెండవ సెంకో కాలంలో చక్రవర్తి గొమిజునోఓ ఆదరణతో రిక్కా ఉన్నత స్థితికి చేరింది.

నగెయిరే

రిక్కా వైభవానికి భిన్నంగా తేనీటి గదులలో మరొక పద్ధతి పెరిగింది. "నగెయిరే" అనగా పడవేసినట్లుగా ఉంచినది అని అర్థం. ఎత్తైన పాత్రలో ఒకటి రెండు కొమ్మలను ఏ ఆడంబరమూ లేకుండా ఉంచడం దీని లక్షణం. తేనీటి గదిలోని పూలను "చబానా" అంటారు. తేనీటి గురువు సెన్ నొ రిక్యూ (1522-1591) ఈ నిరాడంబరతకు పేరు పొందినాడు. 1590లో ఒదవారా ముట్టడి సమయంలో ఆయన వెదురు బొంగును కోసి చేసిన పూలపాత్ర టోక్యో జాతీయ మ్యూజియంలో భద్రపరచబడి ఉన్నది. దానిపై ఒక నిలువు పగులు ఉన్నది. పగులు ఉన్నందువల్ల దానిని పారవేయలేదు. పగిలిన గంటకు పేరుపొందిన ఓంజోజి ఆలయం పేరునే ఆ పాత్రకు పెట్టారు.

రిక్యూ గురించి ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఆయన తోటలో అసగావో అనే తీగపూలు విరివిగా పూశాయని విని హిదెయొషి వాటిని చూడడానికి వచ్చాడు. తోటలో ఒక్క పువ్వు కూడా లేదు. అన్నింటినీ కోసివేశారు. కోపంతో తేనీటి గదిలోనికి వెళ్ళిన హిదెయొషికి తొకొనొమాలో ఒకే ఒక్క పువ్వు కనిపించింది. ఈ కథ ఇకెబానా దృష్టిని చక్కగా తెలుపుతుంది. పువ్వుల సంఖ్య పెరిగిన కొద్దీ ఒక్కొక్క పువ్వుపై చూపు తగ్గుతుంది. ఒక్కటే ఉన్నపుడు దాని రంగు, వంపు, వాడబోయే క్షణం అన్నీ కనిపిస్తాయి.

షోకా

ఎదో కాలంలో (1603-1868) వర్తకులు, పట్టణ ప్రజలు కూడా ఈ కళను అభ్యసించసాగారు. తొమ్మిది భాగాల రిక్కా సామాన్య గృహాలకు అనుకూలమైనది కాదు. అందువలన మూడు ప్రధాన కొమ్మలతో కూడిన "షోకా" (సెయికా) శైలి వ్యాప్తి చెందినది. అనేక శాఖలు ఈ మూడు కొమ్మలకు ఆకాశం, భూమి, మనిషి అనే పేర్లు పెట్టాయి. ఇందులో కాడలన్నీ నీటి మట్టం వద్ద ఒకే మొదలు వలె కలిసి నిలుస్తాయి. నేలను చీల్చుకొని మొక్క పైకి వచ్చే చోటును అది గుర్తుచేస్తుంది.

మొరిబానా, ఆధునిక శైలులు

అంతవరకు ఎక్కువగా సన్యాసులు, ప్రభువులు, యోధులు మొదలైన పురుషులు నేర్చిన ఈ విద్య మేజీ కాలంలో (1868-1912) బాలికల పాఠశాలలలో ప్రవేశించింది. అప్పటి నుండి స్త్రీలు అధిక సంఖ్యలో దీనిని అభ్యసించారు. జపానులో పనిచేసిన ఆంగ్ల వాస్తుశిల్పి జొసయ్య కాండర్ 1891లో జపాను పూల అమరికపై ఇంగ్లీషులో ఒక గ్రంథాన్ని ప్రచురించి దీనిని పాశ్చాత్యులకు పరిచయం చేశాడు.

అదే కాలంలో పాశ్చాత్య దేశాల పూలు జపాను తోటలలో పెరగసాగాయి. పొట్టి కాడలు గల ఆ పూలు పాత శైలులలో ఇమడలేదు. ఓహారా ఉన్షిన్ (1861-1916) లోతు తక్కువగా, వెడల్పు ఎక్కువగా ఉండే పళ్ళెం వంటి పాత్రలో పూలను పరచి అమర్చే పద్ధతిని రూపొందించాడు. దీనికి "మొరిబానా" అని పేరు. చెరువు గట్టు, పచ్చికబయలు వంటి దృశ్యాలను చూపడానికి ఈ పాత్ర అనువుగా ఉన్నది. ఓహారా శాఖ ఈ పద్ధతితోనే ఏర్పడింది.

1927లో తెషిగహారా సోఫూ (1900-1979) టోక్యోలో సొగెత్సు శాఖను స్థాపించాడు. ఏ వస్తువుతోనైనా, ఏ చోటనైనా, ఎవరైనా ఇకెబానా చేయవచ్చునని ఈ శాఖ బోధిస్తుంది. సోఫూ పూలతో పాటు ఇనుము, వేళ్ళు, మొద్దులను కూడా ఉపయోగించాడు. ఆయన కుమారుడు హిరోషి (1927-2001) "వుమన్ ఇన్ ద డ్యూన్స్" (1964) చలనచిత్ర దర్శకుడిగా ప్రపంచ ప్రసిద్ధుడు. 1980లో శాఖాధిపతి అయిన తరువాత ఆయన చీల్చిన వెదురుతో భారీ నిర్మాణాలు చేశాడు.

ప్రకృతితో సంబంధం

ఋతువు

ఇకెబానాలో మొదటి ప్రశ్న ఏ పువ్వు అందమైనది అని కాదు, ఇది ఏ కాలం అని. నూతన సంవత్సరానికి పైన్, వెదురు, ప్లమ్ కొమ్మలు, మార్చి 3న బాలికల పండుగకు పీచ్ పూలు, మే 5న ఐరిస్, సెప్టెంబరు 9న చామంతి అమర్చడం ఆచారం. ఒకే మొక్కను వేర్వేరు ఋతువులలో వేర్వేరుగా చూపుతారు. ఐరిస్‌ను వసంతంలో లేత ఆకుల మధ్య పొట్టి కాడతోనూ, వేసవి ఆరంభంలో పొడవుగా ఎదిగినట్లుగానూ, శరదృతువులో వంగి వాడుతున్న ఆకులతోనూ అమర్చుతారు. వేసవి అమరికలలో నీటి ఉపరితలాన్ని ఎక్కువగా కనిపించనిస్తారు. చూసేవారికి చల్లదనం అనిపించడం దీని ప్రయోజనం.

కాలం

ఒకే అమరికలో మొగ్గ, విచ్చిన పువ్వు, రాలబోయే పువ్వు కలిసి ఉండవచ్చు. ఇకెనోబో శాఖలో తామర అమరిక దీనికి మంచి ఉదాహరణ. గింజలు నిండిన తామరకాయ గతాన్ని, విచ్చిన పువ్వు వర్తమానాన్ని, మొగ్గ, ముడుచుకున్న లేత ఆకు భవిష్యత్తును సూచిస్తాయి. పురుగు కొరికిన ఆకును, అంచు ఎండిన ఆకును కూడా సందర్భాన్ని బట్టి ఉంచుతారు. మొక్క జీవితంలో అవి కూడా భాగమే కాబట్టి వాటిని లోపాలుగా పరిగణించరు.

ఎండ, నీడ

ప్రతి ఆకుకు సూర్యుని వైపు ఉండే ముఖం, నీడ వైపు ఉండే వెనుకభాగం ఉంటాయి. వీటిని "యో", "ఇన్" అంటారు. ఇది చైనా నుండి వచ్చిన యిన్-యాంగ్ భావన. కొమ్మను అమర్చే ముందు అది చెట్టుపై ఏ వైపునకు పెరిగినదో పరిశీలించి, పాత్రలో కూడా అదే తీరున నిలుపుతారు. తలక్రిందులుగానో, నీడ ముఖం పైకి వచ్చేలాగానో పెట్టిన కొమ్మ సహజంగా కనిపించదు.

ఖాళీ, అసమానత

పూల మధ్య విడిచిన ఖాళీ స్థలాన్ని "మా" అంటారు. ఇది మిగిలిపోయిన చోటు కాదు, అమరికలో ఒక భాగం. అడవిలో రెండు కొమ్మల మధ్య గాలి, వెలుతురు ఉన్నట్లే పాత్రలో కూడా ఉండాలని భావిస్తారు. రెండు వైపులా సమానంగా పెరిగిన చెట్టు అరుదు కాబట్టి అమరికలో కూడా సౌష్ఠవాన్ని కోరరు. మూడు, ఐదు, ఏడు వంటి బేసి సంఖ్యలకు ప్రాధాన్యం ఉన్నది.

అమర్చే పద్ధతి

సొగెత్సు శాఖలో ప్రారంభ విద్యార్థులకు నేర్పే నిలువు మొరిబానాను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇందులో షిన్, సొయె, హికాయె అనే మూడు ప్రధాన కాడలు ఉంటాయి. పాత్ర వెడల్పును, ఎత్తును కలిపి ఒకటిన్నర రెట్లు చేస్తే షిన్ పొడవు వస్తుంది. షిన్‌లో నాలుగింట మూడు వంతులు సొయె, సొయెలో నాలుగింట మూడు వంతులు హికాయె. ఉదాహరణకు 30 సెం.మీ. వెడల్పు, 6 సెం.మీ. ఎత్తు గల పాత్రకు షిన్ 54 సెం.మీ., సొయె సుమారు 40 సెం.మీ., హికాయె సుమారు 30 సెం.మీ. ఉండాలి. నిట్టనిలువు గీత నుండి షిన్ సుమారు 15 డిగ్రీలు, సొయె 45 డిగ్రీలు, హికాయె 75 డిగ్రీలు వంగి ముందువైపునకు చూస్తాయి. వీటికి తోడుగా పెట్టే పొట్టి కాడలను "జూషి" అంటారు. ఈ కొలతలు అలవాటైన తరువాత కొమ్మ సహజమైన వంపును బట్టి వీటిని మార్చుకుంటారు.

ఉపకరణాలు

* కెన్‌జాన్: బరువైన లోహపు దిమ్మెపై నిలువుగా సూదులు గల ఆధారం. పేరుకు కత్తుల కొండ అని అర్థం. కాడలను ఈ సూదులపై గుచ్చి నిలబెడతారు.
* సుయిబాన్: మొరిబానాకు వాడే లోతు తక్కువ పాత్ర.
* కుబారి: ఎత్తైన పాత్రలలో కాడలు కదలకుండా మూతిలో బిగించే చీలిక కొమ్మ.
* హసామి: కొమ్మలను, కాడలను కత్తిరించే కత్తెర.

కాడను సాధారణంగా నీటిలో ముంచి కత్తిరిస్తారు. ఈ పద్ధతిని "మిజుగిరి" అంటారు. కాడలో నీటిని పైకి తీసుకుపోయే సన్నని దారునాళాలు ఉంటాయి. గాలిలో కత్తిరిస్తే వాటిలోనికి గాలి బుడగలు చేరి నీటి ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. నీటిలో కత్తిరించినపుడు గాలికి బదులు నీరే లోనికి పోతుంది. నీటిలో మునిగే ఆకులను తీసివేస్తారు. లేనిచో అవి కుళ్ళి, నీటిలో సూక్ష్మజీవులు పెరిగి నాళాలు మూసుకుపోతాయి. కొన్ని మొక్కల కాడ చివరను నిప్పుతో కాల్చడం, వేడినీటిలో ముంచడం కూడా చేస్తారు. ఈ కళకు సజీవంగా ఉంచడం అనే పేరు రావడంలో ఈ శ్రద్ధకు కూడా పాత్ర ఉన్నది.

పూలను కోయడంపై చర్చ

ప్రకృతిని ప్రేమించే కళ పూలను కోయడం సమంజసమా అనే ప్రశ్న జపానులోనే ఉదయించినది. ఒకాకురా కకుజో 1906లో ఇంగ్లీషులో ప్రచురించిన "ద బుక్ ఆఫ్ టీ" గ్రంథంలో ఒక అధ్యాయం పూలకు సంబంధించినది. పూల పట్ల మనుషులు చూపే క్రూరత్వాన్ని ఆయన అందులో నిశితంగా విమర్శించాడు. విందులలో లెక్కలేనన్ని పూలను వాడి మరునాడు పారవేసే పాశ్చాత్య అలవాటును తప్పుపట్టాడు. పూల గురువులను కూడా ఆయన పూర్తిగా విడిచిపెట్టలేదు. కొమ్మలను వంచడం, కాల్చడం హింసేనని ఒప్పుకున్నాడు. అయితే తేనీటి గురువు కావలసిన దానికంటే ఒక్క కొమ్మను కూడా ఎక్కువగా కోయడని, వాడిన పూలను గౌరవంతో నదిలో విడుస్తాడని లేదా పూడ్చిపెడతాడని పేర్కొన్నాడు.

ఇకెబానా దీనికి ఇచ్చే సమాధానం కోయడాన్ని కాదనడం కాదు, కోసిన దానికి బాధ్యత వహించడం. అందువల్లనే తక్కువ పూలు, నీటి పట్ల శ్రద్ధ, వాడిన ఆకుకు కూడా చోటు అనే నియమాలు ఏర్పడ్డాయి. అమరిక కొద్ది రోజులలో నశిస్తుంది. దానిని శాశ్వతం చేయాలనే ప్రయత్నం సంప్రదాయ శాఖలలో లేదు.

బోధన, వ్యాప్తి

ఇకెబానా శాఖలు "ఇయెమొతో" అనే వంశపారంపర్య అధిపతుల ఆధ్వర్యంలో నడుస్తాయి. విద్యార్థులు దశలవారీగా ధ్రువపత్రాలు పొంది, అర్హత వచ్చిన తరువాత ఉపాధ్యాయులవుతారు. ధ్రువపత్రాలకు రుసుము చెల్లించే ఈ పద్ధతి విమర్శలకు గురి అయినది. అయితే శతాబ్దాల నాటి నియమాలు నిలవడానికి ఇది తోడ్పడింది. నేటి జపాను నగరాల ఇళ్ళలో తొకొనొమా అరుదైపోవడం, యువత ఆసక్తి తగ్గడం ఈ కళ ఎదుర్కొంటున్న ప్రధాన సమస్యలు. గోడలోని అర లేని ఇంట్లో అమరిక ఎక్కడ నిలవాలి అనే ప్రశ్నకు ఆధునిక శాఖలు బల్లపై, గుమ్మం వద్ద, అన్నివైపుల నుండి చూడదగిన అమరికలతో సమాధానం ఇస్తున్నాయి.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జపానులో నివసించిన అమెరికా సైనికాధికారుల కుటుంబాలు ఈ కళను నేర్చుకున్నాయి. వారిలో ఒకరైన ఎలెన్ గార్డన్ అలెన్ 1956లో టోక్యోలో ఇకెబానా ఇంటర్నేషనల్ సంస్థను స్థాపించింది. శాఖాభేదం లేకుండా ఇకెబానా అభ్యాసకులను కలపడం, పూల ద్వారా దేశాల మధ్య స్నేహాన్ని పెంచడం దీని ఆశయం. భారతదేశంలో న్యూఢిల్లీ, చెన్నై, హైదరాబాదు మొదలగు నగరాలలో ఇకెబానా అభ్యాసకులు ఉన్నారు. ప్రదర్శనలు, శిక్షణ తరగతులు జరుగుతుంటాయి. ఇక్కడి అభ్యాసకులు పైన్, మేపుల్ వంటి జపాను కొమ్మలకు బదులు స్థానికంగా దొరికే కొమ్మలను, పూలను, ఆకులను ఉపయోగించడం వీలవుతుంది. తన చుట్టూ ఉన్న నేలపై, ఆ ఋతువులో పెరిగిన మొక్కను చూపాలనేది ఇకెబానా మూలసూత్రం కాబట్టి ఇది నియమభంగం కాదు.